సర్కారు గుత్త దక్కిన పిమ్మట

ప్రభుత్వ శాఖలకు సరకు సమకూర్చు గుత్త తమకు దక్కినదని తెలిసిన దినమున మన వర్తకులును, చిన్న పరిశ్రమదారులును దేవునికి కొబ్బరికాయ కొట్టి ఇంట మిఠాయి పంచుకొందురు. అది సహజమే. పైసకు పైస లెక్క చూచి, పోటీదారులందఱికంటె తక్కువ ధర వ్రాసి గెలిచినవారు సంతసింపకుండుటెట్లు? కాని అంత జాగ్రత్తతో ధర కట్టిన ఆ మనుష్యుడే, అంగీకారపత్రము చేతికి వచ్చిన పిదప దానికి జతపఱచిన షరతులను ఒక్కసారియైనను తుదముట్ట చదువడు. టెండరు గెలుచుటతో పని ముగిసినదనుకొనును. నిజమునకు ఆ దినమున ముగిసినది బేరము మాత్రమే, ఒప్పందము మొదలైనది. సరకును చక్కగా నిచ్చియు, కేవలము కాగితము లేకపోవుటచే నష్టపడిన తెలుగు కుటుంబములు మా యెఱుకలో ననేకములు గలవు. అందుచేత ఈ విషయమును గూర్చి మా పాఠకులతో, ముఖ్యముగా చెన్నపట్టణమందలి న్యాయవాదులు, ఆడిటర్లు, ఇంజనీర్లతో, కొంత వివరముగా ముచ్చటింపదలచితిమి.

కొలది కాలము క్రిందట హోసూరు ప్రాంతమునుండి యొక తెలుగు పరిశ్రమదారుడు కాగితముల మూటతో మా యొద్దకు వచ్చెను. ఒక ప్రభుత్వ శాఖకు ఆయన 40 లక్షల రూపాయల ఇనుప సామగ్రి నిచ్చియుండెను. సరకు మంచిదే, శాఖవారు పుచ్చుకొని వాడుకొనుచున్నారు. అయినను గడువు దాటిన 12 వారములకు వారము ఒక్కింటికి అరశాతము చొప్పున 2,40,000 రూపాయలు బిల్లులో కోసివేసిరి. ఆ గుత్తలో ఆయనకు మిగులవలసిన లాభమంతయు అంతకంటె హెచ్చు కాదు. జాప్యమేల జరిగినదని మేమడిగితిమి. మచ్చు వస్తువును పంపిన పిదప శాఖవారు దానిని ఆమోదించుటకే పది వారములు పట్టినదట! ఈ సంగతి నెన్నడైన వ్రాసి పంపితిరా యని యడుగగా, "లేదండీ, ఆ ఆఫీసరుగారు చాల మంచివారు. అన్నియు ఫోనులోనే చెప్పుకొంటిమి" అని యాయన బదులు చెప్పెను. ఆ మంచి ఆఫీసరుగారు బదిలీయై పోయినారు. మూటలో దొరికిన కాగితమొక్కటే: గడువు పొడిగించుచు శాఖవారు వ్రాసిన ఇంగ్లీషు ఉత్తరము. "జాప్యమునకు నష్టపరిహారము వసూలు చేయు హక్కునకు భంగము లేకుండ" ఈ పొడిగింపు ఇయ్యబడుచున్నదని అందు స్పష్టముగా నున్నది. దానిక్రింద ఆయన "సమ్మతించితిని" అని సంతకము చేసియున్నాడు. గడువు దయతో ఇచ్చినారనుకొని కృతజ్ఞతలు కూడ వ్రాసినాడు!

ఈ యొక్క సంతకము ఏమి చేసినదో తెలిసికొనవలెనన్న 1872వ సంవత్సరపు ఒప్పందముల శాసనములోని 55వ సెక్షను చూడవలెను. గడువు ముఖ్యమైన ఒప్పందములో గడువు దాటిన పిదప కూడ సరకును పుచ్చుకొన్న యెడల, పుచ్చుకొను సమయముననే "నష్టపరిహారము కోరుదుము" అని తెలియజేసిననే గాని, కొనుగోలుదారునికి ఆ జాప్యమునకై పరిహారమడుగు హక్కుండదు. ఇది సరఫరాదారునికి శాసనమిచ్చిన రక్ష. సర్కారు శాఖలవారు ఈ సెక్షనును మనకంటె బాగుగా నెఱుగుదురు. అందువలననే ప్రతి పొడిగింపు ఉత్తరములోను ఆ వాక్యమును తప్పక చేర్చుదురు. అంతేకాక, పొడిగించిన కాలములో ధరలుగాని పన్నులుగాని పెరిగిన యెడల ఆ పెరుగుదల ఇయ్యబడదను మఱియొక వాక్యమును కూడ చేర్చుదురు. ఈ రెండు వాక్యములను చదువక సంతకము చేయువాడు తన రక్షను తానే వదలుకొనుచున్నాడు. చేయవలసినదేమి? గడువు తీరకముందే పొడిగింపు కోరవలెను. మచ్చు ఆమోదము ఏ తేదీన కోరితిమో, ఏ తేదీన వచ్చినదో ఆ యుత్తరములోనే చెప్పవలెను. జాప్యము తనవలన గాదు గనుక పరిహారము లేని పొడిగింపు కావలెనని వ్రాయవలెను. శాఖవారు షరతుతో ఇచ్చినచో, "సరకు పంపుచున్నాము గాని ఆ షరతున కొప్పుకొనలేదు" అని మఱునాడే బదులీయవలెను. అరపుట ఉత్తరము! దానికి తక్కువ పడి 2,40,000 రూపాయలు పోయినవి.

నష్టపరిహారమును గూర్చిన 74వ సెక్షను విషయమున మన దేశపు న్యాయస్థానములు పలికిన తీర్పులలో రెండింటిని చెప్పిన చాలును. ఒకటి బంగాళాదుంపల వ్యాజ్యెము. మౌలా బక్సు అను గుత్తేదారుడు 1947వ సంవత్సరమున సంయుక్త రాష్ట్రములలోని సైనిక కార్యస్థానమునకు బంగాళాదుంపలు, కోళ్లు, గ్రుడ్లు, చేపలు సమకూర్చుటకు ఒడంబడి, రెండు ఒప్పందములకును 10,000, 8,500 రూపాయల చొప్పున ధరావతు కట్టెను. సరకు సక్రమముగా నీయలేదని సర్కారువారు ఆ యేటి చివరనే ఒప్పందములను రద్దుచేసి ధరావతును జప్తు చేసిరి. 1969 ఆగస్టున సుప్రీముకోర్టు ఆ జప్తు చెల్లదనెను. దుంపలను, గ్రుడ్లను వేఱొకచోట ఏ ధరకు కొన్నారో చూపి నష్టమును ఋజువు చేయుట సర్కారునకు సాధ్యమైయుండగా, వారు అట్టి ప్రయత్నమే చేయలేదని చెప్పెను. రెండవది గొట్టముల వ్యాజ్యెము. చమురు, సహజవాయు సంస్థకు సా పైప్సు కంపెనీవారు గొట్టములను జాప్యముతో పంపిరి. ఐరోపాలో ఉక్కు కార్మికుల సమ్మె కారణమని చెప్పి గడువు కోరగా, సంస్థవారు పరిహారము వసూలు చేయుదుమని చెప్పియే గడువిచ్చిరి. 2003వ సంవత్సరమున సుప్రీముకోర్టు ఆ తగ్గింపును సమర్థించెను. నష్టమును లెక్కకట్టుట కష్టమైన ఒప్పందములలో, ఉభయులును ముందుగానే అంచనావేసి వ్రాసికొన్న మొత్తము అన్యాయము కానిచో దానిని వసూలు చేయవచ్చునని దాని సారము. 2015లో వచ్చిన కైలాసనాథ్‌ అసోసియేట్సు తీర్పు, నష్టము ఋజువు చేయ వీలున్నచోట ఋజువు చేసితీరవలెనని మరల నొక్కిచెప్పినది.

దుంపల గుత్తేదారుడు గెలిచెనని మన వర్తకులు ధైర్యము తెచ్చుకొనవలదు. 18,500 రూపాయలు తిరిగి రావలెనని తీర్పు పొందుటకు ఆయనకు 1947 మొదలు 1969 వరకు పట్టినది. అట్టి గెలుపును కోరుకొను వర్తకుడుండునా?

ఇక నోటిమాట ఆజ్ఞల సంగతి. పండుగ సమయమనియో, తనిఖీ రానున్నదనియో, తుపాను వచ్చినదనియో, "మఱి రెండు వందలు ఎక్కువ పంపుడు, తరువాత సర్దుదము" అని ఆఫీసరుగారు చెప్పుదురు. మనవారు మొగమోటమునకు పంపుదురు. మన రాజ్యాంగములోని 299వ అధికరణము ప్రకారము, సర్కారు ఒప్పందము రాష్ట్రపతి పేరనో గవర్నరు పేరనో, అధికారము గలవాని చేత, విధింపబడిన రీతిని వ్రాయబడవలెను. ఇది 1935వ సంవత్సరపు ఇండియా ప్రభుత్వ శాసనములోను ఉన్న నియమమే. 1943లో ఈస్టిండియన్‌ రైల్వేకు చెందిన యొక డివిజను అధికారి తన ఉత్తరువులతో ధాన్యము తెప్పించుకొనగా, భిఖ్రాజు జైపురియా అను వర్తకుడు కొంత పంపెను. మిగిలినదానిని రైల్వేవారు వలదనిరి. ఆ ఉత్తరువులు శాసనము కోరిన రూపములో లేవు గనుక అవి అమలుకు రావని 1961లో సుప్రీముకోర్టు చెప్పెను. అట్లని ఇచ్చిన సరకు బూడిదపాలగునని కాదు. ఉచితముగా గాక ఇచ్చినదానిని సర్కారు అనుభవించిన యెడల తగిన ప్రతిఫలమీయవలెనని 70వ సెక్షను కలదు, బి.కె. మండలు వ్యాజ్యెములో అది సర్కారుకును వర్తించునని తేలినది. కాని ఆ దారి కోర్టు గుండ పోవు దారి. లిఖితపూర్వకమగు సవరణ వచ్చువఱకు అదనపు సరకు బండి కదలకుండుట మేలని మా యభిప్రాయము. మొగమోటము గలవారు, "మీరు ఫోనులో సెలవిచ్చిన ప్రకారము పంపుటకు సిద్ధముగా నున్నాము, ఉత్తరువు దయచేయుడు" అని ఒక్క వాక్యము ఈ-మెయిలులో వ్రాసినను చాలును. ఏ ఆఫీసరుగారును దానికి కోపింపరు. కోపించినచో, ఆ ఉత్తరువు ఎన్నటికిని రాదని తెలిసికొనవచ్చును.

మచ్చుతో సరిచూచి పుచ్చుకొను వాడుక చెన్నపట్టణపు తెలుగు వర్తకులకు క్రొత్తది కాదు. 17వ శతాబ్దమున బేరి తిమ్మన్న, కాసి వీరన్న మొదలగువారు ఈస్టిండియా కంపెనీకి ముఖ్యవర్తకులై బట్టలు సమకూర్చిన కాలములో, వచ్చిన గుడ్డను మచ్చుగుడ్డతో పోల్చి, తక్కువ రకమని తోచినదానికి ధర కోయుటయో, త్రిప్పిపంపుటయో జరుగుచుండెడిది. నేటికిని సరఫరాదారుని ప్రాణము ఆ మచ్చులోనే యున్నది. ఆమోదింపబడిన మచ్చు ఒకటి శాఖవారి ముద్రతో తనయొద్ద నుంచుకొనని వాడు, తరువాత ఏమని వాదింపగలడు? ఒప్పందములో చెప్పిన తయారీ గాక వేఱొక తయారీ వస్తువును, అది మేలురకమైనను సరే, సవరణ లేకుండ పంపుట ఉల్లంఘనయే. సరకు చేరిన దినమున చలానాపై గ్రహీత సంతకము, పేరు, హోదా, తేదీ, లెక్క ఉండవలెను. స్టోరు గుమాస్తా గీచిన గీత రసీదు కానేరదు. 1930వ సంవత్సరపు సరకుల విక్రయ శాసనములోని 42వ సెక్షను ప్రకారము, కొన్నవాడు సమంజసమైన కాలము దాటువఱకు తిరస్కరింపక సరకును ఉంచుకొన్నచో అంగీకరించినట్లే. ఆ కాలము ఎప్పుడు మొదలైనదో చెప్పునది చలానాపై నున్న తేదీయే. 2016లో ఆరంభమైన జెమ్‌ అను ప్రభుత్వ ఇంటర్నెట్టు అంగడిలో కొన్న సరకునకు, చేరిన 10 దినములలో గ్రహీత స్వీకారపత్రమును, పిమ్మట 10 దినములలో సొమ్మును ఈయవలెనను నియమము గలదు. ఆ పత్రము రాలేదని పదునొకండవ దినముననే వ్రాయువారెందఱు?

ధరావతు విషయమున మఱియొక పొరపాటు తఱచుగా జరుగుచున్నది. కేంద్ర ప్రభుత్వపు 2017 సాధారణ ఆర్థిక నియమావళి దీనిని ఒప్పందపు విలువలో 5 మొదలు 10 శాతముగా నిర్ణయించెను. కోవిడు కష్టకాలమున, 2020 నవంబరులో, దానిని 3 శాతమునకు తగ్గించిరి. ఈ అంకె మాఱుచుండును గనుక తన ఒప్పందములో వ్రాసినదే ప్రమాణము. ముఖ్యమైనది అంకె కాదు, కాలము. హామీ కాలపు బాధ్యతలతో సహా అన్ని బాధ్యతలును తీరిన తరువాత మఱి 60 దినముల వరకు ధరావతు చెల్లుబాటులో నుండవలెను. రెండేండ్ల హామీ ఇచ్చినవాడు ఒక యేటి బ్యాంకు హామీపత్రము నిచ్చి మఱచిపోవును. గడువు తీరుటకు రెండు దినములు ముందు "పొడిగింపుడు, లేనిచో సొమ్ము చెల్లింపుడు" అని శాఖవారు బ్యాంకునకు వ్రాయుదురు. అప్పుడు కోర్టుకు పరుగెత్తియు లాభము లేదు. మోసముగాని, తిరిగి పూడ్చరాని అన్యాయముగాని ఉన్ననే తప్ప, షరతులు లేని హామీపత్రముపై చెల్లింపు నాపరాదని సుప్రీముకోర్టు పలుమాఱు చెప్పియున్నది.

ఇంతవరకు సరఫరాదారుల తప్పులే చెప్పితిమి. సర్కారువారి తప్పును చెప్పకుండుట న్యాయము కాదు. గడువులో నొక్క వారము దాటిన అరశాతము కోయు శాఖయే, తాను చెల్లింపవలసిన సొమ్మును నెలల తరబడి ఆపి, ఒక్క పైస వడ్డీ తలపెట్టదు. 2006వ సంవత్సరపు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల శాసనము ఈ యన్యాయమును గుర్తించినది. ఒప్పందములో నేమి వ్రాసికొన్నను 45 దినములకు మించి గడువుండరాదనియు, మించినచో బ్యాంకు రేటునకు మూడింతల వడ్డీని నెలనెలకు చక్రవడ్డీగా చెల్లింపవలెననియు, తగవును ఫెసిలిటేషను కౌన్సిలునకు తీసికొనిపోవచ్చుననియు అందు గలదు. కౌన్సిలు తీర్పును ఎదిరింపదలచిన కొనుగోలుదారుడు అందులో 75 శాతము ముందుగా కట్టవలెను. ఇంత బలమైన ఆయుధము చిన్నవానికి మఱియొకటి లేదు. కాని దానికి రెండు మెలికలున్నవి. ఒప్పందమునాటికే నమోదు లేనివాడు ఈ లాభమును కోరరాదని 2021లో సిల్పీ ఇండస్ట్రీసు వ్యాజ్యెములో సుప్రీముకోర్టు చెప్పెను. ఆ ప్రశ్న 2025 జనవరిలో విస్తృత ధర్మాసనమునకు నివేదింపబడినది. అది ఎట్లు తేలినను, టెండరు పెట్టుటకు ముందే ఉద్యమ్‌ నమోదు చేసికొనువానికి ఆ బెంగ లేదు. రెండవ మెలిక మన జార్జిటౌను వర్తకులను బాధించునది. 2021 జూలైలో టోకు, చిల్లర వర్తకులను ఉద్యమ్‌లో చేర్చుకొన్నను, వారికి దక్కినది బ్యాంకు ఋణములలో ప్రాధాన్యము మాత్రమే. తయారీదారుడు కాక కేవలము కొని అమ్మువాడు ఆ ధ్రువపత్రమును చూచికొని ఈ వడ్డీని నమ్ముకొనరాదు. అట్టివానికి మూడేండ్ల కాలపరిమితియే గతి. ఎన్ని జ్ఞాపికలు వ్రాసినను ఆ కాలము పెరుగదు. బాకీని శాఖవారు లిఖితమూలకముగా, కాలము తీరకముందే, ఒప్పుకొన్ననే అది క్రొత్తగా మొదలగును. సివిలు దావా వేయుటకు 80వ సెక్షను క్రింద రెండు నెలల నోటీసు ఈయవలెననుటను మఱచి, మూడవ యేట చివరి వారమున మా న్యాయవాద మిత్రుల గడప త్రొక్కువారు నేటికిని గలరు.

మఱియొక మాట. నష్టము వచ్చునని తోచినపుడు కొందఱు సరకు బరువు తగ్గించుటకును, దిగుమతి వస్తువుపై స్వదేశీ చీటి అంటించుటకును జంకకున్నారు. స్వదేశీ తయారీకి ప్రాధాన్యమిచ్చు 2017 ఉత్తరువు ప్రకారము, 50 శాతమునకు తక్కువ గాక స్థానిక భాగము గలవాడు మొదటి తరగతి సరఫరాదారుడు. ఆ లెక్కను తప్పుగా వ్రాసియిచ్చినవానిని రెండేండ్ల వరకు బహిష్కరింపవచ్చును. ఇట్టివారిపై మాకు జాలి లేదు. కాని తప్పు చేయనివాని పేరు కూడ నల్లపట్టికలో కెక్కుచున్నది గనుక, నోటీసు ఇచ్చి వాదము వినక ఎవరిని బహిష్కరింపరాదని 1974లో ఎరూషియను ఎక్విప్‌మెంటు వ్యాజ్యెములోను, బహిష్కరణ తలపెట్టినట్లు ఆ నోటీసులోనే స్పష్టముగా చెప్పవలెనని 2014లో గూర్ఖా సెక్యూరిటీ వ్యాజ్యెములోను వచ్చిన తీర్పులను గుర్తుంచుకొనవలెను. అట్టి నోటీసు వచ్చినపుడు ఊరకుండుట ఒప్పుకొనుటతో సమానముగా చూడబడును. ఒక శాఖలో బహిష్కృతుడైనవాడు వేఱొక శాఖ టెండరులో ఆ సంగతిని చెప్పవలసివచ్చును. సొమ్ము పోయిన మరల సంపాదింపవచ్చును గాని, ఈ మచ్చ యిట్టే పోదు.

ఇప్పుడు మా పాఠకులతో మా ముఖ్యమైన మనవి. హోసూరు, బళ్లారి, బరంపురము, యానాము మొదలగు చోట్ల తరతరములుగా స్థిరపడిన మన తెలుగువారు శాఖవారితో తమిళములోనో, కన్నడములోనో, ఒడియాలోనో చక్కగా మాటాడగలరు, వ్యాపారమును ఎఱుగుదురు. కాని ఒప్పందము ఇంగ్లీషులో నుండును, అందును నూఱు పుటల ఇంగ్లీషు. ఇంట తెలుగు చదువుకొన్నవానికి అది అడవి. మన న్యాయవాదుల యొద్దకు వారెప్పుడు వత్తురు? ధరావతు జప్తైన పిమ్మట. మనమును అప్పుడే పెద్ద ఫీజు పుచ్చుకొని పెద్ద పుస్తకములు తెఱతుము. ఈ విషయమున మేము మా వృత్తిని గూడ నిందింపక తప్పదు. అంగీకారపత్రము వచ్చిన వారములోనే ఒక సాయంకాలము కూర్చుండి ఆ షరతులను తెలుగులో వారికి విప్పిచెప్పుట కష్టమైన పని కాదు. మచ్చు పంపవలసిన తేదీ, సరకు చేరవలసిన తేదీ, పొడిగింపు కోరుటకు కడపటి తేదీ, హామీపత్రము తీరు తేదీ, సొమ్ము రావలసిన నలువదియైదవ దినము: ఇవి తెలుగులో ఒక కాగితముమీద వ్రాసి కార్ఖానా గోడకు తగిలించిన చాలును. చెన్నపట్టణమునందలి తెలుగు సంఘములు కవిసమ్మేళనములకు తెఱచు హాలులను నెలకొక్క దినము దీనికై తెఱువరాదా? న్యాయవాది యొకడు, ఆడిటరు ఒకడు, ప్రభుత్వ స్టోర్సులో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న ఇంజనీరు ఒకడు కూర్చున్నచో, బల్లకు ఆవలివైపు మర్మములు కూడ బోధపడును.

హోసూరు మిత్రుడు గత మాసమున మరల వచ్చెను. మొదటి గుత్తలో పోయిన సొమ్మునకై, ఆమోదము ఆలస్యమైనట్లు చూపు కొరియరు రసీదులను, ఫోను సందేశములను వెదకి శాఖవారికి మహజరు పంపియున్నాడు. దాని ఫలితము ఇంకను తెలియలేదు. ఈసారి ఆయన చేతిలో క్రొత్త అంగీకారపత్రమొకటి యుండెను. దానిపై ఇంకను సంతకము చేయలేదు. మేము కుర్చీ చూపకముందే, మొదటి పుటనుండి చదివి చెప్పుడని యడిగెను.